మూడోసారి అడిగేవరకు

మా వృద్ధుల హోమ్ గుమ్మంలో అడుగుపెట్టగానే ఎదురుగా ఒక తెల్లబోర్డు కనిపిస్తుంది. దాని మీద నీలం అక్షరాలతో "ఎవరూ పడకుండా గడిచిన రోజులు" అని రాసి, పక్కన ఒక అంకె వేస్తారు. ఆ బుధవారం పొద్దున ఆ అంకె నూట ఎనభై రెండు. మా మేనేజర్ టోరిల్ రోజూ వస్తూనే, కోటైనా విప్పకుండా, పాత అంకె తుడిచి కొత్తది వేస్తుంది. అందులో గొప్పేమీ లేదని ఆమెతో చాలాసార్లు అన్నాను. పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చోబెట్టిన మనిషి ఎక్కణ్నుంచి పడుతుంది?

నా పేరు హెర్దిస్. ఎనభై నాలుగేళ్ళు, సముద్రం అంచు దీవుల్లో పుట్టినదాన్ని. ముప్పై ఒక్క ఏళ్ళు ఫెర్రీ డెక్కు మీద నిలబడి కార్లనీ లారీలనీ చేతి సైగలతో ఎక్కించాను, దించాను. అప్పట్లో ఈ ఫ్యోర్డు మీద, కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన ఈ సముద్రపు పాయ మీద, ఆ పని చేసిన ఆడదాన్ని నేనొక్కదాన్నే. వెనక్కి తియ్యమంటే తియ్యని డ్రైవర్ల మీద అరిచీ అరిచీ నా గొంతు ఇలా తయారైంది, నా స్వభావమూ అలాగే తయారైంది. తుంటి ఎముక విరిగాక రెండేళ్ళ కిందట ఇక్కడ చేరాను. హోమ్‌లో ఉన్న ఇరవై నలుగురి తరఫునా మాట్లాడటానికి నన్ను ఎన్నుకున్నారు. ఎన్నుకున్నారంటే, ఆ రోజు ఎవరూ చెయ్యెత్తలేదు, నేను ఎత్తాను.

ఆ బుధవారం తనిఖీ. జిల్లా నుంచి ఒక అధికారి వచ్చి మందుల బీరువా, కుళాయి నీళ్ళ వేడి, మంటలార్పే సామాను, మా తిండి, మా పుండ్లు, మా రికార్డులు అన్నీ చూసి వెళ్తాడు. అన్నిటికీ చివర, ఆయన ఎదుట నేను ఒక కాగితం మీద సంతకం పెట్టాలి.

ఆ కాగితం సంగతి చెప్తాను. శని, ఆదివారాలు తప్ప రోజూ పదకొండు గంటలకు, కావాలన్నవాళ్ళను బయట తిప్పడానికి ఒక సహాయకురాలిని కేటాయించారు. హోమ్ వెనకనుంచి పడవల కొట్టం దాకా కంకర బాట ఉంది. ఆ తిరిగే సమయాన్ని మేం "బయటి గంట" అంటాం. మే ఒకటో తేదీ నుంచి దాన్ని ఎత్తేసి, ఆ గంటను సాయంత్రం మందులిచ్చే పనికి కలపాలని టోరిల్ నిర్ణయించింది. కారణం కాగితంలోనే ఉంది: నివాసులకు ఆసక్తి లేదు. ఆరు నెలల్లో అడిగినవాటిల్లో నూటికి తొంభై నాలుగుసార్లు వద్దన్నారట. దాని కింద, "నివాసుల అభిప్రాయం తెలుసుకున్నాం, వారికి అభ్యంతరం లేదు" అని ఒక వాక్యం. ఆ కింద నా సంతకానికి గీత.

నూటికి మిగిలిన ఆ ఆరుసార్లలో దాదాపు అన్నీ నావే. నా సంగతి వదిలెయ్యండి. వాకర్ పట్టుకుని నేను ఎలాగోలా బయటపడతాను, ఆపేవాడు ఇంకా పుట్టలేదు. నా బాధంతా పక్కగది సున్నివా గురించి.

సున్నివాకి తొంభై ఒక్కటి. ఫ్యోర్డు లోపలి కొసన గొర్రెల్ని పెంచుకుంటూ కిందటి శరదృతువు దాకా ఒంటరిగా బతికిన మనిషి. చిన్న ఆకారం, మెత్తటి మాట. అక్టోబరు మొదట్లో ఇక్కడికి తెచ్చారు. అప్పట్నుంచి ఒక్కసారి కూడా గుమ్మం దాటలేదు. ఆవిడ కిటికీలోంచి కనిపించేదల్లా కార్లు నిలిపే చోటు. బాట మలుపు దాకా నడిస్తే అవతలి ఒడ్డున ఆవిడ పొలమే కనిపిస్తుంది. ఇప్పుడు మేనకోడలు చూసుకుంటోంది ఆ పొలాన్నీ గొర్రెల్నీ.

రోజూ పొద్దున రొట్టె తిన్నాక సున్నివా తోలు బూట్లు తీసుకుని తొడుక్కుంటుంది. ఆ వేళ్ళతో లేసులు బిగించి రెండేసి ముళ్ళు వెయ్యడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. తర్వాత కుర్చీలో కూర్చుని మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుంటుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక విప్పేస్తుంది. ఆవిడ రికార్డులో ఇలా రాశారు: "లోపల కూడా బయటి బూట్లు వేసుకుంటుంది, విప్పమన్నా విప్పదు, కొంత అయోమయం." మందుల బండి మీద ట్యాబ్ తెరిచి ఉంటే నేనే చదివాను. పరాయివాళ్ళవి చదవకూడదని నాకూ తెలుసు, అయినా చదువుతాను.

నిజం చెప్పాలంటే నేనూ అయోమయమనే అనుకున్నాను. వచ్చిన కొత్తలో రెండు మూడు రోజులు పిలిచాను, బయటికి వెళ్తున్నాను వస్తావా అని. "అయ్యో, నాకోసం నీకెందుకమ్మా శ్రమ" అనేది. సరేనని నా దారిన నేను పోయేదాన్ని. పొలాలున్నవాళ్ళకి ఫెర్రీ మీద బతికినవాళ్ళంటే చులకన కాబోలనుకుని పిలవడం మానేశాను కూడా.

ఫిబ్రవరిలో ఆవిడ మేనకోడలు లెఫ్సే చేసి తెచ్చింది, వెన్నా చక్కెరా పూసి మడిచిన పల్చటి రొట్టెలు. సున్నివా ప్లేటు నా ముందు పెట్టి తీసుకోమంది. నేను రెండు తీసుకున్నాను. ఆవిడ నా చేతివంకా నా మొహంవంకా చూసి, కాసేపటికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"మీ దీవుల్లో మొదటిసారికే తీసేసుకుంటారేమే?"

"పెట్టింది తినడానికే కదా. చూసి మురవడానికా?"

అప్పుడు చెప్పింది వాళ్ళ వైపు పద్ధతి. ఇంటికొచ్చిన మనిషి మొదటిసారి వద్దంటాడు. రెండోసారి, ఇప్పుడే తిని వచ్చానంటాడు. మూడోసారి, మీరంతగా అంటున్నారు కాబట్టి అని ఒక్కటి తీసుకుంటాడు. మొదటిసారికే చెయ్యి చాపితే తిండిమొహం అంటారు. రెండోసారితో ప్లేటు తీసేస్తే ఆ ఇంటివాళ్ళని పీనాసి అంటారు. ఒక పెళ్ళిలో వాళ్ళ బాబాయిని రెండేసార్లు అడిగారట. ఆయన ఆకలితో ఇంటికొచ్చి, ఆ ఇంటివాళ్ళతో పదకొండేళ్ళు మాట్లాడలేదట. ఇదంతా చెప్తూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. నా చూపు ఆవిడ బూట్ల మీదుంది.

"మరి రోజూ బయటికొస్తావా అని అడుగుతారు కదా నిన్ను?" అన్నాను.

సున్నివా లేసు ముడి సర్దుకుంది. "అడుగుతారు. ఒక్కసారే అడుగుతారు. రెండోసారి అడగలేదంటే తీసుకెళ్ళాలని లేదన్నమాటే కదా? పనిలో ఉన్నవాళ్ళ మీద పడి వేళ్ళాడటం నాకు చేతకాదు తల్లీ."

నాకు తల కొట్టేసినట్టయింది. నేనూ ఒక్కసారే అడిగాను అన్నాను. అవును, నువ్వూ అంతే అంది. ఆ మాటలో కోపం లేదు. అందుకే ఇంకా మండిపోయింది నా మీద నాకే. ఒక మనిషి రోజూ ఇరవై నిమిషాలు కష్టపడి బూట్లు కట్టుకుని, ఎవరైనా ఇంకోసారి అడుగుతారేమోనని ఎదురుచూస్తుంటే, మేమందరం దాన్ని మతిమరుపు కింద జమకట్టాం.

నా వాకర్‌తో నేనే కష్టంగా నిలబడతాను, ఆవిడకి చెయ్యెలా ఇస్తాను? అందుకని దనూతాకి చెప్పాను. పోలండ్ నుంచి వచ్చి పధ్నాలుగేళ్ళుగా ఇక్కడే పనిచేస్తోంది, యాభై దాటిన మనిషి, రెండు చేతులతో పన్నెండు మందిని చూసుకుంటుంది. ఆమె వినగానే తల పట్టుకుంది. వాళ్ళమ్మ ఇంట్లో అయితే, వద్దన్నవాడి నోట్లో కూడా కుక్కి పంపేవాళ్ళట. ఇక్కడ శిక్షణలో "నివాసి వద్దంటే ఏం చేస్తారు?" అన్న ప్రశ్నకి ఆమె "మళ్ళీ అడుగుతాను" అని రాసిందట. అది తప్పన్నారట. వద్దన్న మాటని గౌరవించాలి, వెంటనే "అడిగాం, వద్దన్నారు" అన్న గడిలో టిక్కు పెట్టాలి.

అయినా మర్నాడు మూడుసార్లు అడిగింది. సున్నివా లేచింది, కోటు కూడా తొడుక్కుంది. తలుపు దగ్గర టోరిల్ ఎదురైంది. ముందు వద్దన్న మనిషిని ఎలా బయల్దేరదీశావని దనూతాని అడిగింది. మళ్ళీ మళ్ళీ అడగడమంటే ఒత్తిడి పెట్టడమేనంది. పైగా బాట మీద మంచు గడ్డకట్టి ఉంది. సున్నివా కోటు విప్పేసింది. దనూతా ఫైల్లో ఒక హెచ్చరిక చేరింది.

అప్పుడు నేను టోరిల్ గదికి వెళ్ళాను. నన్ను ఎక్కువ మండించిన సంగతి ఏమిటంటే, టోరిల్ పరాయిది కాదు. ఆమె తాతగారి పొలం సున్నివా పొలానికి రెండు పొలాల అవతల. ఆ ఇళ్ళల్లో తిని పెరిగిన పిల్ల. ఆ "వద్దు"కి అర్థం తెలియదంటే నేను నమ్మను, ఆ మాటే అన్నాను. టోరిల్ కంప్యూటరు కట్టేసింది. తర్వాత, "అక్టోబర్లో హాల్వర్ ఆ బాట మీదే పడ్డాడు హెర్దిస్. ఆస్పత్రినుంచి తిరిగి రాలేదు. వాళ్ళమ్మాయికి ఫోన్ చేసింది నేను. మీరు కాదు" అంది.

అది నిజమే. కానీ అంతమాత్రాన సంతకం పెట్టేస్తానా?

బుధవారం పొద్దుటే హోమ్ అంతా నిమ్మకాయ వాసన. కర్టెన్లు ఉతికారు. కిందటి ఏడాది రాలిపోయిన గోడ గడియారం ముల్లు కూడా మళ్ళీ మొలిచింది. అధికారి పేరు ఎస్కిల్, నలభై ఏళ్ళుంటాయి, పట్నం మనిషి, సన్నగా పొడుగ్గా ఉన్నాడు, వీపున సంచి. మనిషి చెడ్డవాడు కాదు. కుళాయి కింద చెయ్యి పెట్టి చూశాడు, బీరువా తాళం లాగి చూశాడు, మా రోల్ఫ్ మడమ మీది పుండుని మోకాళ్ళ మీద కూర్చుని మరీ చూశాడు. ఎక్కడా తొందరపడలేదు. అలాంటివాడితో పోట్లాడటం కష్టం.

మధ్యాహ్నానికి ముందు, చిన్న గదిలో కూర్చున్నాం. టోరిల్, ఎస్కిల్, నేను. పడ్డవాళ్ళు లేరు, మందుల్లో పొరపాట్లు లేవు, రికార్డులు ఇంత శుభ్రంగా ఉన్న చోటు ఈ ఏడాదిలో చూడలేదన్నాడు. టోరిల్ మొహం వెలిగింది. లేచి వెళ్ళి వాఫెల్స్ ప్లేటు తెచ్చింది. అచ్చులో పోసి కాల్చిన హృదయాకారం రేకులు, పైన గోధుమరంగు చీజ్, పక్కన జామ్.

ఎస్కిల్ చెయ్యి అడ్డం పెట్టాడు. తనిఖీకి వెళ్ళిన చోట ఏమీ తినననీ, కాగితంలో చుట్టుకుని రొట్టె తెచ్చుకున్నాననీ చెప్పాడు. టోరిల్ ప్లేటు ఇంకాస్త ముందుకు జరిపి, జామ్ మా పెరట్లో పళ్ళదే, ఒక్క ముక్కే కదా అంది. ఆయన మొహమాటంగా నవ్వి, నిజంగా వద్దండీ అన్నాడు. టోరిల్ ఊరుకోలేదు. "చల్లారిపోతే పారెయ్యాల్సిందే. పొద్దున్నే లేచి పోసింది దనూతా. ఆవిడేమనుకుంటుంది?" ఎస్కిల్ ఓడిపోయాడు. ఒక రేకు తుంచుకుని నోట్లో వేసుకున్నాడు.

నేను నా జీవితంలో చాలా అదృష్టాలు చూశాను గానీ, ఇలా వెతుక్కుంటూ ప్లేటులో వచ్చిన అదృష్టం ఇదే మొదటిది.

"టోరిల్, నీ ట్యాబ్ తియ్యి. వాఫెల్ అడిగాం, వద్దన్నారు అని టిక్కు పెట్టు" అన్నాను.

టోరిల్‌కి అర్థమైంది. మెడ దగ్గర్నుంచి చెవుల దాకా ఎర్రబడింది. ఎస్కిల్‌కి అర్థం కాలేదు, నోట్లో ముక్కతో మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఈవిడ నిన్ను మూడుసార్లు అడిగింది బాబూ, నువ్వు మొదటిసారే వద్దన్నావు. నీ మాటకి గౌరవం ఇచ్చి ఉంటే ప్లేటు వెనక్కి పోయేది, నీకు వాఫెల్స్ మీద ఆసక్తి లేదని కాగితం తయారయ్యేది, దాని మీద నన్ను సంతకం పెట్టమనేవాళ్ళు." కాగితం ఆయన ముందుకి తోశాను. "పక్కగదిలో ఒకావిడని నూట ముప్పై రోజులు అడిగారు. రోజుకి ఒక్కసారి, గుమ్మంలో నిలబడి, బండి తోసుకుంటూ. ఆవిడ నూట ముప్పైసార్లు వద్దందని మీ దగ్గర లెక్కుంది. నేను సంతకం పెట్టను."

టోరిల్ గొంతు సవరించుకుని, ఒక్కొక్కరి అలవాట్లని బట్టి నియమాలు పెట్టలేమంది. ఎస్కిల్ చేతులు తుడుచుకుని సున్నివా రికార్డు తెరిచాడు. చాలాసేపు చదివాడు. చివరికి వేలితో ఒక చోట తట్టి, ఈ బూట్ల సంగతేమిటని అడిగాడు.

"వచ్చి చూడు" అన్నాను. "నువ్వే అడుగు. మూడుసార్లు. మూడోసారి కూడా వద్దంటే ఇప్పుడే, ఇక్కడే, నీ పెన్నుతో సంతకం పెడతాను."

నోటి దురుసుతో పందెం వేసేశాను గానీ, నడవాలో నడుస్తుంటే అనుమానం పట్టుకుంది. ఫిబ్రవరిలో తలుపు దగ్గర కోటు విప్పేసిన మనిషి. ఈసారి టోరిల్‌ని చూసి మూడోసారి కూడా వద్దంటే? బయటి గంట పోతుంది, అదీ నా సంతకంతో పోతుంది. సున్నివాకి ఇంక ఆ కార్ల చోటే ప్రపంచం.

సున్నివా కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఎస్కిల్ గుమ్మంలోనే ఆగిపోబోతే, లోపలికెళ్ళి కూర్చుని అడగమన్నాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తన పేరు చెప్పుకుని, బయట కాస్త తిరిగొద్దామా అని అడిగాడు.

సున్నివా చిన్నగా నవ్వింది. "అయ్యో, వద్దు బాబూ. నాకోసం మీకెందుకు శ్రమ."

ఎస్కిల్ నావంక చూశాడు. నేను కదల్లేదు. మళ్ళీ ఆవిడ వైపు తిరిగి, వాన తగ్గింది, గాలి కూడా లేదు, రాకూడదా అన్నాడు. ఆవిడ వేళ్ళు దుప్పటి అంచుని పట్టుకున్నాయి. మీరెంతో దూరంనుంచి వచ్చారు, చూడాల్సిన పని బోలెడుంటుంది, ఈ ముసలిదానితో ఏం తిరుగుతారు అంది.

ఎస్కిల్ తడబడ్డాడు. మెల్లిగా నాతో, "రెండుసార్లు చెప్పారు. ఇంక అడిగితే బలవంతం కాదా?" అన్నాడు.

"నీకు వాఫెల్ పెట్టడం బలవంతమైతే ఇదీ బలవంతమే. అడుగు."

ఆయన స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. ఈసారి అధికారిలా అడగలేదు. "సున్నివా, నేను ఎలాగూ ఆ బాట చూడాలి. ఒక్కణ్నే వెళ్ళడం నాకు ఇష్టం లేదు. నాతో రండి."

సున్నివా నోరు తెరిచింది, మళ్ళీ మూసేసింది. ఆవిడ కళ్ళు టోరిల్ దగ్గరికి వెళ్ళాయి. టోరిల్ తల వంచుకుంది. ఆ తర్వాత ఆమె చేసిన పని నేను ఊహించనిది. కొక్కేనికి వేలాడుతున్న ఉన్ని కోటు తీసి చేతిమీద వేసుకుని నిలబడింది.

"మీరు ఎలాగూ వెళ్తున్నారంటే, సరే మరి" అంది సున్నివా.

దుప్పటి పక్కకి తీసింది. కింద తోలు బూట్లు, రెండేసి ముళ్ళు, పాలిష్ చేసి ఉన్నాయి. ఎస్కిల్ వంగి ఆ ముళ్ళని చూశాడు. ఎన్ని రోజులుగా వేసుకుంటున్నారని ఆయన అడిగితే, వచ్చినప్పట్నుంచీ అని సున్నివా మామూలుగా చెప్పింది, అందులో అడగడానికేముందన్నట్టు.

బయట ఏప్రిల్ ఎండ పల్చగా ఉంది. ఎస్కిల్ ఒక చెయ్యి పట్టుకున్నాడు, టోరిల్ ఇంకో చెయ్యి. వెనక నా వాకర్ కంకర మీద గరగరలాడుతూ. సున్నివా మొదట నాలుగు అడుగులు వేసి ఆగింది, మళ్ళీ నాలుగు వేసింది. సగం దూరం పోయాక, "నువ్వు కింది పొలంవాళ్ళ మనవరాలివి కదూ? మీ నాయనమ్మ నాలుగోసారి కూడా అడిగేది, ప్రాణం తీసేది" అంది టోరిల్‌తో. టోరిల్ భుజాలు కదిలాయి. నవ్విందో ఏడ్చిందో వెనకనుంచి నాకు తెలియలేదు.

మలుపు దగ్గర ఫ్యోర్డు అంతా ఒక్కసారి కళ్ళబడుతుంది. అవతల ఏటవాలున పచ్చగా ఆవిడ పొలం, మీద తెల్లగా గొర్రెలు. సున్నివా నోట్లోనే వాటిని లెక్కపెట్టుకుంది. మేనకోడలు కంచె బాగుచెయ్యలేదని తిట్టుకుంది. ఆ దూరానికి ఆవిడకి కంచె కనిపించిందంటే నేను నమ్మను గానీ, తిట్టడంలో మాత్రం పొరపాటు లేదు.

అప్పుడు బాట పక్కన గుంటలో పసుపుపచ్చగా ఏప్రిల్ పూలు కనిపించాయి. ఇద్దరి చేతులూ విడిపించుకుని సున్నివా వంగింది. ఎవరూ పట్టుకునేలోపు కాలు జారి తడిగడ్డి మీద కూలబడిపోయింది.

టోరిల్ మోకాళ్ళ మీద కూలబడి ఆవిడ తుంటి తడిమింది, కాళ్ళు కదిపించింది, పేరు చెప్పించింది. ఏమీ విరగలేదు. మోచెయ్యి గీసుకుపోయింది, నెత్తురు కాస్త కనిపించింది. సున్నివా మాత్రం గడ్డిలో కూర్చునే చేతికందిన పువ్వు తుంచుకుని, తొందరెందుకు, ఇక్కణ్నుంచి కూడా బాగానే కనిపిస్తోంది అంది.

ఎస్కిల్ పక్కనే వంగి నిలబడ్డాడు. కూర్చున్నట్టా పడ్డట్టా అని నెమ్మదిగా అడిగాడు టోరిల్‌ని. ఆ ప్రశ్నలో ఏముందో ముగ్గురికీ తెలుసు. కూర్చుందని అంటే బోర్డు మీద అంకె అలాగే ఉంటుంది. ఆయనకి తను పిలుచుకొచ్చిన మొదటి నడకలోనే ప్రమాదం జరిగిందని రాసుకోవాల్సిన ఇబ్బందీ ఉండదు. నాకు కూడా ఒక్క క్షణం ఆశ పుట్టింది, దాచేస్తే పనైపోతుంది కదా అని. ఆ ఆశ మీద నాకే అసహ్యం వేసింది. ఆరు నెలలుగా ఈ చోటు చేసింది అదే కదా, బాగా కనిపించేదే రాసుకోవడం.

"పడింది" అన్నాను. "పడిందనే రాయండి. పడి, గడ్డిలో కూర్చుని గొర్రెల్ని చూసిందని కూడా రాయండి. దానికి గడి లేకపోతే గడి గియ్యండి. మమ్మల్ని భద్రంగా దాచిపెట్టడానికి మేం పింగాణీ కప్పులం కాదు. తుంటి విరిగినా నేను బయటికే వస్తాను, ఆవిడ సంగతి ఆవిడనే అడగండి."

ఇద్దరూ కలిసి సున్నివాని లేపారు. తిరిగి వచ్చేటప్పుడు పువ్వు ఆవిడ కోటు గుండీ కన్నంలో ఉంది.

ఎస్కిల్ సాయంత్రం దాకా రాసుకున్నాడు. వెళ్ళేటప్పుడు నా సంతకం లేని కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాడు. నివేదిక రావడానికి మూడు వారాలు పడుతుందనీ, అందులో బూట్ల గురించి ఒక పేరా ఉంటుందనీ, పడటం గురించి కూడా ఉంటుందనీ చెప్పాడు. బయటి గంట ఉంచాలో వద్దో రోజువారీ నిర్ణయం మాత్రం మేనేజర్‌దే అన్నాడు. ఆ మాట విని ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. టోరిల్‌కి ఇప్పుడు హాల్వర్‌తో పాటు సున్నివా కూడా దొరికింది కదా, ఎత్తేయడానికి ఇంకేం కావాలి?

మర్నాడు పొద్దున వాకర్ తోసుకుంటూ గుమ్మం దగ్గరికి వెళ్ళాను. బోర్డు మీద నూట ఎనభై రెండు లేదు. నీలం రంగులో పెద్ద సున్నా ఉంది. టోరిల్ చేతిలో పెన్నుతో దాని ముందే నిలబడి ఉంది. నన్ను చూసి, ఏమైనా అంటారా అని అడిగింది. సున్నా గుండ్రంగా కుదిరిందన్నాను.

పదకొండు గంటలకు నడవాలో అడుగుల చప్పుడైంది. దనూతా కాదు, టోరిల్. బండి లేదు, ట్యాబ్ లేదు. నేను నా తలుపు దగ్గర నిలబడ్డాను, నాకు ఏమాత్రం సంబంధం లేదన్నట్టు. ఆమె సున్నివా గదిలోకి వెళ్ళి స్టూలు లాక్కుని కూర్చుంది. సున్నివా మోచేతికి కట్టు ఉంది, మోకాలు నల్లగా కమిలిపోయింది, అయినా బూట్లు కట్టుకునే ఉంది. రాత్రంతా నొప్పికి మూలుగుతూనే ఉందని నాకు తెలుసు, మా ఇద్దరి మధ్య ఉన్నది ఒక్క గోడే. ఇంత నొప్పిలో ఇవాళ నిజంగానే వద్దంటే ఎవరూ తప్పుపట్టలేరు. ఇంక ఎప్పటికీ వద్దన్నా కూడా తప్పుపట్టలేరు.

"బయటికి వెళ్దామా సున్నివా?" అని అడిగింది టోరిల్. నేను జేబులో చేతివేళ్ళతో ఒకటి లెక్కపెట్టాను.

"వెళ్దాం" అంది సున్నివా.

టోరిల్ రెండోసారి అడగడానికి అప్పటికే నోరు తెరిచింది. అలాగే ఉండిపోయింది.

"అలా చూస్తావేమే? నువ్వు ఇంకో రెండుసార్లు అడిగేలోపు వాన వచ్చేస్తుంది" అంది సున్నివా, కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించి లేస్తూ. "ఆ కోటు ఇలా ఇయ్యి."